ప్రాథమిక తరగతుల్లో చదివి అర్థం చేసుకోవడం నేర్పడానికి స్మార్ట్ టీవీనీ ఫోనునూ ఎలా వాడాలి

ప్రభుత్వ బడులను బాగుచేసిన నాడు–నేడు పనులతో పాటు మన ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. టీచరు చేతిలో ఫోను ఎటూ ఉంది. బద్వేలు వైపు ఒక్కరే టీచరున్న బడిలోనైనా, కడప పట్నంలో తరగతికొక టీచరున్న బడిలోనైనా, పిల్లలకు చదివి అర్థం చేసుకోవడం నేర్పడానికి ఈ రెండూ చాలు. అయితే చాలా తరగతుల్లో టీవీ వాడకం యానిమేషన్ పాఠం వేసి పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టడంతో ఆగిపోతోంది. కథను బొమ్మలే చెప్పేస్తూ, మాటలను ఎవరిదో గొంతు చదివేస్తూ ఉంటే పిల్లవాడికి చదవవలసిన అవసరమే ఉండదు. ఆ పది నిమిషాల్లో అతనికి కథ అర్థమయ్యే ఉంటుంది, కానీ చూసీ వినీ అర్థం చేసుకున్నాడే తప్ప చదివి కాదు. అందువల్ల కింద చెప్పిన పద్ధతి మొత్తం ఒక్క నియమం మీద నడుస్తుంది: తెర మీద ముఖ్యంగా కనిపించవలసినది వచనం, బొమ్మా శబ్దమూ చదువుకు ముందో తరువాతో రావచ్చు గానీ, చదువుకు బదులుగా రాకూడదు.

ఈ మెట్లను నాలుగు, ఐదు తరగతులను దృష్టిలో పెట్టుకొని రాశాను. రెండు, మూడు తరగతులకు వచనాన్ని కుదించుకుంటే సరిపోతుంది, పద్ధతి మారదు.

మొదటి మెట్టు: లోపం ఎక్కడుందో ఫోనుతో తేల్చుకోండి

చదివినది అర్థం కాకపోవడానికి ప్రధానంగా రెండు కారణాలుంటాయి. అక్షరాలు కూడబలుక్కోవడంలోనే పిల్లవాడి శ్రద్ధ అంతా ఖర్చయిపోతూ ఉండవచ్చు. లేదా అక్షరాలు చకచకా వస్తున్నా ఆ మాటలూ ఆ విషయమూ అతనికి బొత్తిగా కొత్తవై ఉండవచ్చు. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఈ సంగతిని ఒక గుణకారంగా చెప్పారు: రాతను మాటగా పలకగలగడం, విన్న మాటను అర్థం చేసుకోగలగడం, ఈ రెండింటి లబ్ధమే చదివి అర్థం చేసుకోవడం. గుణకారం కాబట్టి రెండింటిలో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే అవుతుంది.

తరగతిలో దీన్ని ఇలా పరీక్షించండి. పిల్లలు ఇంతకుముందు చూడని, అరవై నుంచి ఎనభై మాటలుండే రెండు పేరాలను సుమారు ఒకే కష్టంలో ఉండేట్లు ఎంచుకోండి. మొదటి పేరాను పిల్లవాడి చేత పైకి చదివించి ఫోనులో రికార్డు చేసి, నాలుగు ప్రశ్నలు అడగండి. రెండో పేరాను మీరే ముందుగా మీ గొంతుతో రికార్డు చేసి పెట్టుకొని, దాన్ని వినిపించి మరో నాలుగు ప్రశ్నలు అడగండి. వినిపించినప్పుడు చక్కగా చెప్పి, చదివినప్పుడు చెప్పలేకపోతే అతనికి కావలసినది గుణింతాలు, ఒత్తుల మీద సాధన. విన్నా చెప్పలేకపోతే లోపం మాటల దగ్గరో, విషయం దగ్గరో ఉంది. అతని చేత ఎంత వేగంగా చదివించినా ప్రయోజనం ఉండదు. మీ గొంతును ముందే రికార్డు చేసుకోమనడానికి కారణముంది: ఎదుటపడి చదివితే మనకు తెలియకుండానే ముఖకవళికలతో, ఒత్తి పలకడంతో సగం జవాబు అందించేస్తాము, పైగా ఒక్కో పిల్లవాడికి ఒక్కో విధంగా చదువుతాము.

ఈ పరీక్ష తెలుగుకు మరింత అవసరం. మన లిపిలో రాసేదానికీ పలికేదానికీ తేడా తక్కువ కనుక, గుణింతాలూ ఒత్తులూ పట్టుబడిన పిల్లవాడు తనకు ఒక్క ముక్క అర్థం కాని పేరానైనా గడగడా చదివేయగలడు. ఆ గడగడను చూసి వాడికి బాగా వచ్చునని మనం మోసపోతాము. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి పిల్లలు కొత్త పాఠ్యాన్ని నిమిషానికి కనీసం 60 మాటల వేగంతో, అర్థంతో చదవాలని ఉంది. తరగతి గదుల్లో 60 అన్న అంకె నిలిచిపోయి, అర్థంతో అన్న మాట జారిపోతోందని నా అభిప్రాయం. ప్రత్యయాలన్నీ కలిసిపోయి పొడుగ్గా ఉండే తెలుగు మాటలను ఇంగ్లీషు మాటల వేగంతో కొలవడం న్యాయమా అన్నది వేరే చర్చ.

కడప పట్నంలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, తండాల నుంచి వచ్చే సుగాలీ పిల్లలు ఈ వినికిడి పరీక్షలో వెనుకబడితే, దాన్ని తెలివితక్కువగా లెక్కపెట్టకండి. ప్రశ్న వాళ్ళ ఇంటి భాషలో అడిగించి చూడండి. తోటి పిల్లవాడొకడు అడిగినా చాలు.

రెండో మెట్టు: వచనాన్ని ఎంచుకోండి

వచనం దొరికే చోట్లు మూడు. ఒకటి పాఠ్యపుస్తకం, అందులోని క్యూఆర్ కోడ్‌ను 2017లో మొదలైన దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన సామగ్రి వస్తుంది, దాన్ని ఇంటి దగ్గర నెట్ ఉన్నప్పుడు దించుకొని బడిలో నెట్ లేకుండా వాడుకోవచ్చు. రెండోది ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్; అక్కడి తెలుగు కథల పుస్తకాలు నాలుగు స్థాయిలుగా విభజించి ఉంటాయి, ఉచితంగా దించుకొని తెర మీద చూపించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. మూడోది మీరే రాసుకోవడం. మూడో మార్గాన్ని చాలామంది వదిలేస్తారు గానీ, తమ ఊరి చుట్టుపక్కల సంగతి చదివేటప్పుడు పిల్లలు కనబరిచే పట్టుదల వేరుగా ఉంటుంది. దీనికి ఆధారం కూడా ఉంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు బేస్‌బాల్ ఆట గురించిన ఒక పేరాను అమెరికా పిల్లల చేత చదివించి చూస్తే, చదువులో వెనుకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగీ ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువగా గుర్తుపెట్టుకొని చెప్పారు.

ఉదాహరణగా ఈ కింది పేరాను తీసుకుందాం. మిగిలిన మెట్లన్నీ దీని మీదనే చూపిస్తాను.

“లంకమల అడవిలో ముళ్ళపొదల మధ్య ఒక అరుదైన పిట్ట ఉంటుంది. దాని పేరు కలివికోడి. పగలంతా పొదల చాటున కదలకుండా ఉంటుంది. దాని ఒంటి రంగు అక్కడి మట్టిలో కలిసిపోతుంది. చీకటి పడ్డాక బయటికి వచ్చి, నేల మీద పరుగులు పెడుతూ, పురుగులను ఏరుకొని తింటుంది. 1900 తరువాత అది ఎవరి కంటా పడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986లో మన కడప జిల్లాలోనే మళ్ళీ కనిపించింది. దాన్ని కాపాడడానికి లంకమల అడవిని అభయారణ్యం చేశారు.”

వచనం ఎంచుకున్న వెంటనే, తెర జోలికి పోకముందే, ఒక కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న రాసుకోండి: ఈ పేరా చదివిన పిల్లవాడు పేరాలో ఎక్కడా నేరుగా లేని ఏ సంగతిని చెప్పగలగాలి? ఈ పేరాకు నా ప్రశ్న ఇది: ఎనభై ఆరేళ్ళ పాటు ఆ పిట్ట ఎవరికీ ఎందుకు కనిపించలేదు? జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ లేదు. పగలు కదలదన్న వాక్యాన్నీ, రంగు మట్టిలో కలిసిపోతుందన్న వాక్యాన్నీ, చీకటి పడ్డాకనే బయటికి వస్తుందన్న వాక్యాన్నీ కలుపుకొంటే తప్ప రాదు. ఆ కలపడాన్ని నేర్పడమే పాఠం. అటువంటి ప్రశ్న ఒక్కటైనా పుట్టని వచనాన్ని పక్కన పెట్టి వేరేది వెతుక్కోవడం మంచిది.

మూడో మెట్టు: వచనాన్ని తెరకు తగినట్లు సిద్ధం చేయండి

పుస్తకం పేజీని ఫోటో తీసి టీవీలో వేస్తే వెనుక వరుసకు అక్షరాలు ఆనవు. వచనాన్ని పవర్‌పాయింట్‌లోనో గూగుల్ స్లైడ్స్‌లోనో కొత్తగా టైపు చేసుకోండి. తెలుగు టైపింగ్ అలవాటు లేనివారు ఫోనులోని వాయిస్ టైపింగ్‌తో చెప్పి, తప్పులు దిద్దుకోవచ్చు. ఒక్కో స్లైడులో మూడు వాక్యాలకు మించి పెట్టకండి. మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి సాదా ఫాంటును వాడండి. పెళ్ళి పత్రికల ఫాంట్లు పిల్లలకు పనికిరావు. వరుసల మధ్య దూరాన్ని కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. తెలుగులో ఒత్తులు గీత కిందికి దిగుతాయి, గుడులూ కొమ్ములూ పైకీ పక్కకూ సాగుతాయి. వరుసలు దగ్గరైతే పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడిని తాకి, అప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లవాడికి రెండూ ఒకటే గజిబిజిగా కనిపిస్తాయి. స్లైడు వేసి మీరే వెళ్ళి చివరి వరుసలో, పిల్లలు కూర్చునే ఎత్తులో, కింద కూర్చొని చూడండి. కిటికీ వెలుగు తెర మీద పడుతున్నదీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది. ఒంటిపూట బడుల రోజుల్లో తూర్పు కిటికీ పొద్దున్నంతా ఇబ్బంది పెడుతుంది.

కొన్ని టీవీలు పెన్ డ్రైవ్‌లోని స్లైడ్లనూ పీడీఎఫ్‌లనూ తెరవవు, కానీ ఫోటోలను దాదాపు అన్నీ తెరుస్తాయి. కాబట్టి ప్రతి స్లైడునూ బొమ్మగా భద్రపరచి, వాటి పేర్లకు ముందు 01, 02 అని వరుస సంఖ్య పెట్టి పెన్ డ్రైవ్‌లో ఎక్కించండి. అప్పుడు నెట్‌తో పని లేదు. ల్యాప్‌టాప్ ఉన్నవారు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపడం అన్నిటికంటే నమ్మకమైన దారి. ఫోను తెరను టీవీలో చూపించే పద్ధతి సౌకర్యమే గానీ, పాఠం మధ్యలో ఎవరైనా ఫోను చేస్తే తరగతి అంతా ఆ పేరు చదువుతుంది. అందువల్ల కాల్స్, నోటిఫికేషన్లు ఆపివేసిన తరువాతే కలపండి.

నాలుగో మెట్టు: చదవడానికి ముందు ఐదు నిమిషాలు

ఇక్కడ బొమ్మకు పని ఉంది. అయితే ఏ బొమ్మ చూపాలన్నది ఆలోచించి తేల్చుకోవాలి. కలివికోడి ఫోటోను ముందే చూపించారంటే, పేరాలోని రంగు, కాళ్ళ పరుగు, పొదల చాటు గురించి పిల్లలు ఊహించుకోవలసినది ఏమీ మిగలదు. లంకమల వంటి చిట్టడవి ఫోటోను మాత్రమే తెర మీద పెట్టి, ఇలాంటి చోట ఏ జీవాలుంటాయో, పగలు ఎక్కడ దాక్కుంటాయో మాట్లాడించండి. గొర్రెల వెంట, పశువుల వెంట కంపల్లో తిరిగిన పిల్లలు మీకంటే ఎక్కువ చెబుతారు; వాళ్ళను చెప్పనివ్వండి. అభయారణ్యం వంటి కొత్త మాట ఒకటో రెండో ఉంటే ఇప్పుడే పరిచయం చేయండి. తక్కినవాటి అర్థం పిల్లలే వాక్యాన్ని బట్టి పట్టుకోవాలి.

తరువాత ‘కలివికోడి’ అన్న శీర్షికను మాత్రమే చూపి, ఈ పేరాలో ఏముంటుందో నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయించండి. పేరు చివర కోడి ఉంది కనుక ఇళ్ళ దగ్గర తిరిగే కోడి గురించే చాలామంది రాస్తారు. దాన్ని దిద్దకండి. చదివాక తమ ఊహను తామే కొట్టివేసి తిరిగి రాసుకోవడంలోనే ఉపయోగముంది.

ఐదో మెట్టు: మొదటి చదువు తెర లేకుండా

టీవీ ఆపేయండి. అదే పేరాను కాగితం మీద ఇచ్చి, ఎవరికి వారిని మౌనంగా చదువుకోనివ్వండి. తెర ఎదుట చదివేటప్పుడు వేగంగా చదివే ఇద్దరు ముగ్గురు పైకి చదివేస్తే, మిగిలినవారు వాళ్ళ గొంతు వెంట పెదవులు కదుపుతూ పోతారు. కాగితం మీద ఆ అవకాశం ఉండదు. అర్థం కాని చోట పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టమనండి.

అక్షరాల దగ్గరే తడబడే పిల్లలను ఈ సమయంలో వదిలేయకూడదు. మొదటి మెట్టులో రికార్డు చేసినట్లే ఈ పేరాను కూడా మీ గొంతుతో నెమ్మదిగా రికార్డు చేసి పెట్టుకొంటే, వాళ్ళు వరండాలో కూర్చొని ఫోనులో వింటూ, కాగితం మీది మాటల కింద వేలు పెట్టి వెంట వెంట చదువుతారు. గూగుల్ 2019లో బోలో పేరుతో మన దేశంలో తెచ్చిన రీడ్ అలాంగ్ యాప్ కూడా ఈ పిల్లలకు పనికివస్తుంది. పిల్లవాడు పైకి చదువుతుంటే విని, తడబడిన మాటను పలికి చూపిస్తుంది, తెలుగు కథలను ముందుగా దించుకొంటే నెట్ లేకుండా పనిచేస్తుంది. అయితే అది పలకడాన్ని వింటుంది. అర్థమైందా లేదా అన్నది అది బహుమతిగా ఇచ్చే చుక్కల (స్టార్ల) లెక్కలో తేలదు. పది నిమిషాల తరువాత ఫోను తీసుకొని, ఏం చదివావో చెప్పమని మీరు అడగాలి. పక్కన గోల ఉంటే మైకు తికమకపడుతుంది కనుక, ఆ మూలను తరగతికి దూరంగా పెట్టండి.

ఆరో మెట్టు: తెర మీద వాక్యాన్ని విప్పి చూపండి

టీవీ అసలు ఉపయోగం ఇక్కడే. నల్లబల్ల మీద చేయలేనిది తెర మీద చేయగలిగేది ఒకటుంది: వాక్యాన్ని దాచవచ్చు, కొద్దికొద్దిగా బయటపెట్టవచ్చు, రంగులు మార్చవచ్చు, మళ్ళీ మొదటికి తీసుకుపోవచ్చు. స్లైడు మీద తెల్ల పెట్టెలతో వాక్యాలను మూసి, ఒక్కొక్కటే తెరవండి. తెరిచిన ప్రతిసారీ ఆగి, తరువాత ఏం వస్తుందో చెప్పమనండి. పాలిన్‌సర్, బ్రౌన్ 1984లో ప్రచురించిన పద్ధతిలో పిల్లలు చేసే పనులు నాలుగు: తరువాతి సంగతిని ఊహించడం, ప్రశ్న వేయడం, తెలియని చోటును తేటపరచుకోవడం, చదివినంతవరకు క్లుప్తంగా చెప్పడం. మొదట కొన్ని పాఠాల్లో ఈ నాలుగూ మీరే పైకి ఆలోచిస్తూ చేసి చూపండి. తరువాత ఒక్కో వాక్యం దగ్గర ఒక్కో పిల్లవాడిని టీచరు స్థానంలో నిలబెట్టండి.

తెలుగు వాక్యంలో పిల్లలు ఎక్కువగా జారిపడే చోట్లు మూడున్నాయి. వాటికోసం ప్రత్యేకంగా స్లైడ్లు చేసుకోవాలి.

మొదటిది, కనిపించని కర్త. పగలంతా పొదల చాటున కదలకుండా ఉంటుంది అన్న వాక్యంలో ఏది ఉంటుందో రాయలేదు. పెద్దవాళ్ళకు అడగవలసిన అవసరమే తోచదు. నాలుగో తరగతి పిల్లవాడు మాత్రం ముందు వాక్యంలోకి వెళ్ళి కర్తను తెచ్చుకోలేక ఆగిపోతాడు. ఇక లేదనే అనుకున్నారు అన్న వాక్యమైతే మరీ గట్టిది: అందులో రెండు క్రియలు, రెండు దాగిన కర్తలు. లేనిది పిట్ట, అనుకున్నది మనుషులు. స్లైడులో ప్రతి క్రియ ముందు ఒక ఖాళీ పెట్టె గీసి, అందులో ఎవరిని కూర్చోబెట్టాలో పిల్లలనే అడగండి. పిట్టను చెప్పే క్రియలన్నిటికీ ఒక రంగు, మనుషులను చెప్పే క్రియలకు మరో రంగు వేస్తే, పేరా ఎక్కడ పిట్ట మీది నుంచి మనుషుల మీదికి మళ్ళిందో కళ్ళకు కడుతుంది.

రెండోది, అసమాపక క్రియల వరుస. వచ్చి, పరుగులు పెడుతూ, ఏరుకొని, తింటుంది: ఒకే వాక్యంలో నాలుగు పనులు. ఒక స్లైడులో వాక్యాన్ని ఉన్నదున్నట్లు చూపి, తరువాతి స్లైడులో నాలుగు చిన్న వాక్యాలుగా విడదీసి, ఏది ముందు జరిగిందో, ఏ రెండు ఒకేసారి జరుగుతున్నాయో అడగండి. ఆ తరువాత చిన్న వాక్యాలను తిరిగి కలిపించడం మరిచిపోకండి. విడదీసి వదిలేస్తే పిల్లలకు చిన్న వాక్యాలు చదవడమే వస్తుంది.

మూడోది, అని అన్న మాటతో ముగిసే సంభాషణ. ఈ పేరాలో లేదు గానీ కథల్లో అడుగడుగునా ఉంటుంది. మాట ముందు వచ్చి, పలికినవాడు వాక్యం చివర బయటపడతాడు కనుక, ఎవరు ఎవరితో అన్నారో తెలియకుండానే పిల్లవాడు కథను దాటిపోతాడు. మాట మొత్తానికి ఒక రంగు వేసి, అన్నవారి పేరును అదే రంగులో చూపితే చిక్కు విడిపోతుంది.

ఇదంతా ఒక్క పీరియడులో అయ్యే పని కాదు. ఒక పేరాకు ఒక చిక్కు చాలు.

పిల్లలు చెప్పే జవాబుల్లో భాషను దిద్దడానికి ఇది సమయం కాదని కూడా గట్టిగా చెప్పాలి. “రాత్రిపూట తిరిగే పిట్ట ఎట్ల కనపడతాది సార్” అన్న పిల్లవాడు పేరాను పూర్తిగా అర్థం చేసుకున్నాడు. కనపడతాదిని కనపడుతుందిగా మార్చి చెప్పమంటే, రెండోసారి వాడు నోరు తెరవడు.

ఏడో మెట్టు: ఒక్క ఫోనుతో అందరి జవాబులూ తీసుకోండి

ప్రశ్న అడగగానే ముందు వరుసలో ఇద్దరు చేతులెత్తుతారు, వాళ్ళు చెబుతారు, పాఠం ముందుకు పోతుంది. మిగిలినవారికి ఏం అర్థమైందో తెలియదు. ప్లికర్స్ అనే యాప్ దీనికి అక్కరకు వస్తుంది. పిల్లల చేతుల్లో ఫోన్లు అవసరం లేదు. ఒక్కొక్కరికి ఒక్కో అచ్చు కార్డు ఇస్తారు. కార్డును నాలుగు వైపులా తిప్పవచ్చు, పైకి పెట్టిన వైపే జవాబు. మీ ఫోను కెమెరాను తరగతి వైపు తిప్పితే ఎవరు ఏ జవాబిచ్చారో ఒక్కసారిగా నమోదవుతుంది. ప్రతి కార్డు మీది బొమ్మా వేరు కావడంతో పక్కవాడిని చూసి తిప్పడం కుదరదు. కార్డులను మామూలు దళసరి కాగితం మీద అచ్చు వేయించండి. మెరిసే లామినేషన్ వేయిస్తే వెలుతురు పడి కెమెరా చదవలేదు. ప్రశ్నలను ముందురోజే ఎక్కించుకోండి. నెట్ అందని ఊళ్ళో నాలుగు రంగుల అట్టముక్కలు ఇచ్చి, కళ్ళు మూసుకొని ఒకేసారి ఎత్తమన్నా పని చాలావరకు జరుగుతుంది.

యాప్ కంటే ముఖ్యమైనది తప్పు జవాబుల తయారీ. ప్రతి తప్పు జవాబూ పిల్లవాడు ఎక్కడ తప్పిపోయాడో మీకు చెప్పాలి. మన ప్రశ్నకు ఈ నాలుగు జవాబులు పెట్టి చూడండి. ఒకటి: అది వేరే దేశానికి వెళ్ళిపోయింది. రెండు: పగలు కదలదు, దాని రంగు మట్టిలో కలిసిపోతుంది, రాత్రే తిరుగుతుంది. మూడు: అది పురుగులను తింటుంది. నాలుగు: అది 1986లోనే పుట్టింది. మొదటిది ఎంచుకున్నవాడు పేరాను పక్కనపెట్టి తనకు తెలిసినదాన్ని చెబుతున్నాడు. మూడోది ఎంచుకున్నవాడు పేరాలోని వాక్యాన్నే పట్టుకున్నాడు గానీ, అడిగినదానికీ దానికీ కారణ సంబంధం ఉందో లేదో చూసుకోలేదు. పరీక్షలకు అలవాటుపడిన మంచి విద్యార్థులు ఎక్కువగా ఇక్కడే పడతారు. నాలుగోది ఎంచుకున్నవాడు మళ్ళీ కనిపించింది అన్నచోట మళ్ళీని వదిలేశాడు. ఫలితం తెర మీద కనబడగానే సరైనది చెప్పేయకుండా, పేరాను తిరిగి తెర మీదికి తెచ్చి, ఏ వాక్యం చూసి ఆ జవాబిచ్చారో వేలు పెట్టి చూపమనండి. అప్పుడే కలివికోడి ఫోటోను కూడా వేసి, తాము ఊహించుకున్న పిట్టతో పోల్చుకోనివ్వండి.

ఎనిమిదో మెట్టు: తిరిగి చెప్పించి రికార్డు చేయండి

పేరాను మూసివేసి, చూడని తమ్ముడికో చెల్లెలికో చెబుతున్నట్లు చెప్పమని, ఒక్కొక్కరికి ఒక నిమిషం చొప్పున రోజుకు నలుగురైదుగురిని రికార్డు చేయండి. రికార్డును అక్కడే వినిపిస్తే, తాను వదిలేసిన సంగతిని పిల్లవాడే గుర్తుపడతాడు. మీరు ఎత్తి చూపవలసిన అవసరం చాలాసార్లు రాదు. రాతలో జవాబులు ఇచ్చినప్పుడు, రెండు వేర్వేరు జవాబులను ఫోటో తీసి, పేర్లు కనబడకుండా కత్తిరించి పక్కపక్కన తెర మీద వేయండి. రెండింటిలో ఏది పేరాను ఎక్కువగా వాడుకుందో తరగతిచేత చెప్పించండి.

ఈ రికార్డులను, ఫోటోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. తడబడే పిల్లవాడి గొంతు ఊరంతా తిరగడం వాడికి జీవితాంతం చదువు మీద విరక్తి కలిగించడానికి చాలు. ఏ యాప్‌లోనైనా పిల్లల పేర్లకు బదులు రోల్ నంబర్లు వేయండి, తల్లిదండ్రులకు ముందుగా చెప్పండి, నెల చివర అవసరం తీరిన రికార్డులను తుడిచేయండి.

చివరి మెట్టు: తెర లేకుండా కొలవండి

వారానికి ఒకసారి, టీవీ గానీ ఫోను గానీ కార్డులు గానీ లేకుండా, పిల్లలు చూడని ఒక పేరాను కాగితం మీద ఇవ్వండి. నాలుగు ప్రశ్నలు చాలు: పేరాలో నేరుగా జవాబున్నది ఒకటి, దాగిన కర్తను అడిగేది ఒకటి, రెండు వాక్యాలను కలిపితే వచ్చేది ఒకటి, మాట అర్థాన్ని సందర్భాన్ని బట్టి చెప్పేది ఒకటి. మార్కులు కలపకుండా, ఏ రకం ప్రశ్నకు ఎవరు సరిగా చెప్పారో నోటుపుస్తకంలో నాలుగు నిలువు గడులు గీసి టిక్కులు వేసుకోండి. మూడో గడిలో టిక్కులు తక్కువైతే తరువాతి వారం వాక్యాలను కలిపే స్లైడ్లు చేయాలి; రెండో గడిలో తక్కువైతే ఖాళీ పెట్టెల స్లైడ్లు. తెర మీద బాగా చెప్పి కాగితం మీద చెప్పలేని పిల్లలు ఎక్కువగా తేలితే, ఆరో మెట్టులో రంగులూ పెట్టెలూ వారం వారం తగ్గించుకుంటూ రండి. ఆ రంగులు వేసే పనిని పిల్లలకే అప్పగించి, రంగు పెన్సిళ్ళతో కాగితం మీదనే చేయించండి. కరెంటు లేని రోజున కూడా ఆ పాఠం ఆగదు.